అయిదో చిల్లు

ఏ కాగితం చేతికొచ్చినా ఆయన ముందు దాన్ని వెలుతురుకెత్తి చూస్తాడు. కరెంటు బిల్లయినా, మందుల చీటీ అయినా, శుభలేఖ అయినా సరే. రెండు వేళ్లతో అంచు పట్టుకుని, చెయ్యి చాపి, ఎడమ కన్ను మూసి, తల కాస్త వెనక్కి వంచుతాడు. ఆ తర్వాతే చదవడం. ఇచ్చినవాళ్లు నవ్వుతారు. “ఏం డాక్టరు గారూ, ఎముక ఎక్కడన్నా విరిగిందా?” అంటారు. ఆయన నవ్వడు, కోప్పడడు. వీధిలో ఆయన పేరు ఎక్స్‌రే. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆసుపత్రి కాగితాల మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆ అలవాటు ప్యాకింగుల దగ్గర మొదలైంది. ఇంజనులో రెండు లోహపు ముక్కలు కలిసేచోట మధ్యన ఒక కాగితం ఉంటుంది. నూనె బయటికి కారకుండా అది ఆపుతుంది. దాన్నే మెకానిక్కులు ప్యాకింగ్ అంటారు. ఇప్పుడవి కొట్లో తయారుగా దొరుకుతాయి. ఆయన పని నేర్చుకునే రోజుల్లో, అందులోనూ ఇంగ్లండులో పోతపోసిన పాత మోటారుసైకిళ్లకి, దొరికేవి కావు. చేత్తో కోసుకోవాలి. మందపాటి కాగితాన్ని ముక్క మీద పరిచి, గుండు సుత్తితో అంచు వెంట చిన్నగా కొట్టుకుంటూ పోతే ఆ అంచే కాగితాన్ని కోస్తుంది. చిల్లు ఉన్నచోట ఉక్కు గోళీ పెట్టి ఒక్క దెబ్బ. అన్నీ అయ్యాక వెలుతురుకెత్తి చిల్లులు లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా ఆ దారి మూసుకుపోతుంది.

“చూడకుండా వేసినవాడి చెయ్యి పడిపోవాలి” అనేవాడు పని నేర్పిన గురువు. ఆయన తిట్లన్నీ చేతులకే తగిలేవి, మనిషికి తగిలేవి కావు.

“నలభై ఏళ్లలో చూడకుండా ఒక్క ప్యాకింగూ వెయ్యలేదు” అని ఎక్స్‌రే చెప్పుకుంటాడు. ఆయనకున్నది ఆ ఒక్క మాట. తక్కినవి రేకుల షెడ్డు, షెడ్డు వెనక గది, గదిలో ఇనప మంచం. భార్య పోయి తొమ్మిదేళ్లు. అరవై రెండో ఏడు నడుస్తోంది. కింద కూర్చుంటే మోకాళ్లు లేవనివ్వవు. లేస్తే నడుము నిలబడనివ్వదు.

అక్క వచ్చిన పొద్దున ఆయన అలాగే కింద కూర్చుని, ఎవరిదో స్కూటరు చక్రం ముందేసుకుని, లేవాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు.

“లేవకు, కూర్చునే విను,” అంది అక్క. “మీ బావ బండి విప్పమంటున్నారు.”

“ఏ బండి?”

“మాకేమన్నా విమానాలున్నాయిరా? మెట్ల కింద బండే.”

ఎక్స్‌రే చేతిలో స్పానరు కింద పెట్టాడు. చక్రాన్ని ఊరికే ఒకసారి తిప్పాడు. అది తిరిగి తిరిగి ఆగింది.

ఆ బండి మూడువందల యాభై సీసీది, ఒంటి సిలిండరుది. వయసులో బావ కంటే రెండేళ్లే చిన్నది. బావ నీళ్ల సరఫరా ఆఫీసులో గుమాస్తా. ముప్పైఒక్క ఏళ్ల కిందట ఆయనకి ఆఫీసరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. అరవై కిలోమీటర్ల అవతల పెద్ద ఆఫీసులో. పొద్దున పదింటికల్లా ఉండాలి. బండిని అంతకుముందు వారమంతా బామ్మర్ది, అంటే ఎక్స్‌రే, విప్పి కడిగి బిగించాడు. ముందురోజు సాయంత్రం చేతికిచ్చాడు. తెల్లారి బావ తెల్ల చొక్కా వేసుకుని బయల్దేరాడు. సగం దారిలో ఇంజను కీచుమని అరిచి పట్టేసింది. చక్రం అక్కడికక్కడే ఆగిపోయింది. ఆ దారిన బస్సు లేదు. బావ బండిని వెనక్కి తోసుకుంటూ వచ్చాడు.

మధ్యాహ్నం మూడింటికి షెడ్డు ముందు నిలబడ్డాడు. చొక్కా మోచేతులదాకా నల్లగా ఉంది. ఎదురుగా టీ కొట్టు, పక్కన ఇనప ముక్కలు చెక్కే లేత్ షాపు. చూసేవాళ్లకి కొదవలేదు.

“ఏం చేశావురా దీన్ని?” అన్నాడు.

బామ్మర్దికి అప్పుడు ముప్పైఒకటి. చేతి మీద నమ్మకం తలకెక్కిన వయసు. అందరూ చూస్తున్నారు. “నూనె పోశావా బావా?” అన్నాడు.

టీ కొట్టు ఘొల్లుమంది.

“పోశాను. విప్పి చూడు.”

“నేను బిగించింది నేను విప్పను. నూనె పోసుకోవడం నేర్చుకుని రా.”

బావ బండిని ఇంటికి తోసుకెళ్లి, మెట్ల కింద పెట్టి, టార్పాలిను కప్పాడు. ఇంకో మెకానిక్కుని పిలవలేదు. ఇంకో బండి కొనలేదు. ఇంకో ఇంటర్వ్యూ రాలేదు. ఇరవై రెండేళ్లు ఆఫీసుకి నడిచే వెళ్లాడు. గుమాస్తాగా చేరినవాడు గుమాస్తాగానే దిగిపోయాడు.

ఆ సాయంత్రమే టీ కొట్టులో బామ్మర్ది ఒక మాటన్నాడు. “మా బావ నూనె పోయకుండా ఆఫీసరైపోదామనుకున్నాడు.” ఆ మాటకి కాళ్లొచ్చాయి. నీళ్ల ఆఫీసు దాకా వెళ్లింది. ఫైలు చేతికిస్తూ “నూనె పోశారా సార్?” అని అడిగే ప్యూను కూడా ఉండేవాడట. ఇవన్నీ ఎక్స్‌రే అక్క నోటే విన్నాడు. అక్క నెలకోసారి ఇటు వచ్చేది. బావ రాలేదు. ఎక్స్‌రే భార్య పోయినప్పుడు మాత్రం వచ్చి, గుమ్మం బయట చేతులు కట్టుకుని గంటసేపు నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

“ఇప్పుడెందుకక్కా?” అన్నాడు ఎక్స్‌రే.

“గుండె సరిగా లేదు. మెట్లెక్కకూడదన్నారు డాక్టరు. నెలాఖరుకి అమ్మాయి ఇంటి పక్క వాటాలోకి మారిపోతున్నాం, కింద వాటా. మెట్ల కింద ఖాళీ చెయ్యాలి కదా, పాత ఇనుము వాణ్ని పిలిచాను. అంతే, మంచం మీంచి లేచి కూర్చున్నారు. ‘దాన్ని ఎవడూ మోసుకుపోడానికి వీల్లేదు. అది నడిచి పోవాలి’ అన్నారు. ‘నీ తమ్ముణ్ని రమ్మను’ అన్నారు.”

“నీ తమ్ముణ్ని అన్నాడా?”

“మరి నీకు పెద్ద బిరుదులుంటాయా ఆ ఇంట్లో? పద.”

బావ దిండ్లకానుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. చొక్కా మాత్రం ఇస్త్రీదే. ఎక్స్‌రే గుమ్మం లోపల, తలుపు పక్కన ఆగాడు.

“వచ్చాడా?” అన్నాడు బావ, కిటికీతో.

“తలుపు పక్కనే ఉన్నాడు కదండీ.”

“నాకు కనిపిస్తే సరా? నువ్వు చెప్పాలి.”

“వచ్చాడు.”

“కూర్చోమను.”

“కూర్చోరా.”

“నిలబడే ఉంటానని చెప్పక్కా.”

“నేనేమన్నా టెలిఫోనునా మీ ఇద్దరికీ?” అంది అక్క. అంటూనే స్టూలు తెచ్చి తమ్ముడి మోకాళ్లకి తగిలేలా వేసింది. ఆయన కూర్చోక తప్పలేదు.

“విప్పమను,” అన్నాడు బావ. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటున్నాడు. “ప్రతి మరా విప్పమను. లోపల ఏం కనిపిస్తే అది వచ్చి చెప్పమను.”

“లోపల ఏముంటుందక్కా. అప్పుడే చెప్పాను కదా.”

“అప్పుడు చూడకుండా చెప్పాడు. ఇప్పుడు చూసి చెప్పమను.”

ఎక్స్‌రే అక్క వంక చూశాడు. అక్క గోడ వంక చూసింది. ముప్పైఒక్క ఏళ్లుగా ఆమె అటూ ఇటూ కాకుండా గోడనే చూస్తోంది.

“చూసి చెబుతానను,” అన్నాడు.

టార్పాలిను తీస్తుంటే మడతల దగ్గర ముట్టుకున్నచోటల్లా పొడైపోయింది. సీటు కింద ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయాయి. సైలెన్సరు మూతికి కందిరీగ మట్టిగూడు కట్టింది. రెండు టైర్లూ రిమ్ముల కింద అప్పడంలా అతుక్కుపోయాయి. ట్యాంకు మీద కంపెనీ పేరులో మూడక్షరాలే మిగిలాయి. ఎక్స్‌రే హ్యాండిల్ పట్టుకుని చిన్నగా కదిపాడు. కదల్లేదు. “నువ్వూ నాలాగే ఉన్నావు,” అన్నాడు.

నలుగురు పట్టి తోపుడు బండి మీదకెక్కించి షెడ్డుకి చేర్చారు.

ఆయన దగ్గర ఒక రేకు పెట్టె ఉంది. అందులో గ్రీజు గుడ్డలో చుట్టిన అంగుళాల స్పానర్లు. ఇప్పటి మిల్లీమీటరు స్పానర్లు ఆ బండి నట్లకి పట్టవు. ఒకటి వదులు, ఒకటి బిగువు. గురువు ఇచ్చిన ఆ స్పానర్లని బయటికి తీసి పదేళ్లు దాటింది. గుడ్డ విప్పితే ఒక్కదానికీ తుప్పు లేదు. అప్పుడే ఆయనకి నీరసం అనిపించింది. ఇంత జాగ్రత్తపడ్డ మనిషి చేతిలో తప్పు ఎలా జరుగుతుందన్న ధీమా ముందు కలిగింది. దాని వెనకే, జరిగి ఉంటే ఏమిటన్న మాట ఎక్కణ్నుంచో వచ్చింది. దానికే నీరసం.

పిస్టను సిలిండరులో బిగుసుకుపోయింది. ప్లగ్గు చిల్లులోంచి డీజిలూ కిరసనాయిలూ కలిపి పోసి వదిలేశాడు. ఈలోగా పెట్రోలు ట్యాంకులో గుప్పెడు నట్లు వేసి, కొంచెం కిరసనాయిలు పోసి, ఒళ్లో పెట్టుకుని పసిపిల్లని ఊపినట్టు ఊపాడు. లోపలి తుప్పు ఎర్రటి బురదలా వచ్చింది. రోజుకి గంట ఊపేవాడు. ఆ గంట అయ్యాక గోడకి చేరగిలబడి ఇంకో గంట కూర్చునేవాడు.

లేత్ ఆయన తన షాపులోంచి తొంగి చూసేవాడు. ఎక్స్‌రే కంటే అయిదేళ్లు పెద్ద, నోట్లో నువ్వుగింజ నానదు. “ఏంటి, ఆఫీసరు గారి బండేనా? నూనె పోయని బండి?” అన్నాడు మొదటిరోజు. రెండోరోజూ అన్నాడు. రోజూ అన్నాడు. ఆ హాస్యం ఎక్స్‌రే పుట్టించిందే. పుట్టించినవాడు కాదనలేడు.

నాలుగో రోజు నూనె ట్యాంకు మూత తీశాడు. ఆ బళ్లకి నూనె విడిగా, సీటు పక్కన చిన్న ట్యాంకులో ఉంటుంది. అక్కణ్నుంచి పంపు లాగి ఇంజనుకి పంపుతుంది. ట్యాంకులో పుల్ల పెట్టి తీశాడు. నూనె తారులా చిక్కబడింది. కానీ ఉంది. ఎక్కడిదాకా ఉండాలో సరిగ్గా అక్కడిదాకా ఉంది.

“తర్వాత పోసి ఉంటాడు,” అన్నాడు పైకి. వినేవాళ్లెవరూ లేరు.

పుల్లని గుడ్డకి తుడిచి, ఆ గుడ్డని చాలాసేపు చూశాడు. ఇంజను పట్టేసిన బండికి, మెట్ల కింద పెట్టి టార్పాలిను కప్పేసిన బండికి, ఎవడైనా తర్వాత నూనె పోస్తాడా. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి తనకు తెలియకుండానే నూనె పంపు మూత మీదికి వెళ్లింది. వెంటనే తీసేసుకున్నాడు. ఆ రోజుకి పని ఆపేశాడు.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఇతర బళ్లు చూశాడు. బ్రేకులు బిగించాడు, గొలుసు కడిగాడు. చెయ్యడానికి ఇంకేమీ మిగలనప్పుడు స్టూలు లాక్కుని, పంపు మూత మరలు విప్పాడు. నాలుగు మరలు. ప్రతి మరా తను ఎంత బిగించి వదిలేవాడో అంతే బిగువుగా ఉంది. మరొకరి చెయ్యి పడలేదు. మూత వచ్చింది. కాగితం ఇంజను వైపే అంటుకుని ఉండిపోయింది. పాత బ్లేడుతో అంచు వెంట లేపుకుంటూ, తొందరపడకుండా, చిరగకుండా తీశాడు. నూనె తాగి గోధుమరంగు తిరిగిన కాగితం. దాని మీద నెల పేరూ, తేదీలూ పల్చగా కనిపిస్తున్నాయి. అక్క వాళ్ల ఇంటి కేలెండరు అట్ట. ఆ వారం ప్యాకింగుల కోసం అక్కే చించి ఇచ్చింది.

వెలుతురుకెత్తి, ఎడమ కన్ను మూసి చూశాడు.

నాలుగు చిల్లులు. మరలవి.

అయిదోది ఉండాలి. పెన్సిలు మొన పట్టేంత చిన్నది. పంపులోంచి నూనె ఇంజను లోపలికి వెళ్లే దారి అదొక్కటే. అది ఉండాల్సిన చోట చిల్లు లేదు, ఒక గుర్తుంది. నూనె అవతలినుంచి తోసి తోసి, కాగితం చిన్న గిన్నెలా ఉబ్బిపోయింది. చిరగలేదు. మంచి అట్ట.

చెయ్యి దించాడు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ నాలుగే.

అప్పుడు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. మరిచిపోయిందేమీ కాదు. ఎప్పుడూ అటు చూడలేదంతే. ఆ సాయంత్రం కరెంటు పోయింది. పొద్దు గూకుతోంది. లాంతరు వెనక బల్ల మీద ఉంది. బావ గుమ్మంలో నిలబడి “అయిందా? అయిందా?” అంటున్నాడు. కాగితం కోయడం అయింది. గోళీ పెట్టి కొట్టడం అయింది. అయ్యాక, రోజూ ఎత్తినట్టే, పైన వేలాడే బల్బు వైపు ఎత్తాడు. ఎడమ కన్ను మూశాడు. తల వెనక్కి వంచాడు. బల్బు వెలగడం లేదు. నల్లటి కాగితం, నల్లటి బల్బు. చెయ్యి తన అలవాటు తీర్చుకుని కిందికి దిగింది. “అయిపోయింది బావా, రేపు ఈపాటికి నువ్వు ఆఫీసరువే,” అంటూ మూత బిగించాడు.

చూడకుండా వెయ్యలేదన్న మాట అబద్ధం కాదు. చూశాడు. వెలుతురు లేనిచోట చూశాడు.

ఎక్స్‌రే కాగితాన్ని మడవకుండా, మందుల చీటీలుండే ఆసుపత్రి కవరులో పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. కొత్త అట్ట తీసుకుని కొత్త ప్యాకింగ్ కోశాడు. ఎండలోకి వెళ్లి, అయిదు లెక్కపెట్టి, మళ్లీ వచ్చాడు. సుత్తి చేతిలో బరువుగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు కూడా. పంపు మూత విప్పింది తనొక్కడే. కాగితం చిన్నది. పొయ్యిలో వేస్తే రెండు క్షణాలు. పొయ్యి దగ్గరికి రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ టీ పెట్టుకుని తాగి వచ్చేశాడు.

పిస్టను కింద తిరిగే ఇరుసు, క్రాంకు, బయటికొచ్చాక దాన్ని లేత్ షాపుకి తీసుకెళ్లాడు. లోపలి పిన్ను మాడి నీలం తిరిగింది. లేత్ ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, గోటితో గీకి చూశాడు.

“నూనె అందలేదు దీనికి. చుక్క అందలేదు,” అన్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. “చూశావా! అప్పుడు నువ్వన్నదే నిజం! మీ బావ పొయ్యలేదు. అయ్యో, మా టీ కొట్టు ముసలాయన ఇప్పుడుంటే ఎంత నవ్వేవాడో!”

జేబులో కవరు ఛాతీకి తగులుతోంది. నిజం జేబులోనే ఉంది, కవరు విప్పితే చాలు.

“కొత్త పిన్ను ఎప్పటికిస్తావు?” అన్నాడు ఎక్స్‌రే.

అక్క రెండు రోజులకోసారి వచ్చేది. “విప్పాడా అని అడుగుతున్నారు. ఏం కనిపించిందట అని అడుగుతున్నారు.”

“ఇంకా చూస్తున్నానని చెప్పక్కా.”

మళ్లీ వచ్చినప్పుడు జవాబు తెచ్చింది. “‘ముప్పైఒక్క ఏళ్లు చూడనివాడు ఇప్పుడు తెగ చూస్తున్నాడట’ అన్నారు.” అని, తమ్ముడి మొహం చూసి ఆగింది. “ఏరా, ఒంట్లో బాగాలేదా? మనిషివి అదోలా ఉన్నావు.”

“అలిసిపోయానక్కా.”

“ఈ బండితోనా?”

“ఈ బండితోనే.”

మింగలేడు, కక్కలేడు. పని మాత్రం జరిగింది. చేతులు ఎవరి మాటా వినవు, వాటికి పని కనిపిస్తే చాలు. పిస్టనుకి రింగులు దొరికాయి. కార్బురేటరు కడిగాడు. ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే మాగ్నెటోకి కొత్త తీగ చుట్టించాడు. కొత్త నూనె పోశాడు, గీత దాకా. పోస్తూ, డబ్బా పట్టుకున్న తన చేతిని చూశాడు. బావ కూడా ఇలాగే పోసుంటాడు. తెల్లవారుజామున, తెల్ల చొక్కాకి అంటకుండా దూరంగా నిలబడి, జాగ్రత్తగా.

ఇల్లు మారడానికి ఇంకా మూడు రోజులున్నాయనగా బండి మొదటిసారి పలికింది. ఏడో కిక్కుకి. తెల్ల పొగ, తర్వాత నీలం పొగ, తర్వాత ఏ పొగా లేదు. ఒంటి సిలిండరు తీరిగ్గా, ఒక్కో అడుగూ లెక్కపెట్టి వేస్తున్నట్టు కొట్టుకుంది. లేత్ ఆయన మిషను ఆపి బయటికొచ్చాడు. టీ కొట్టులో గ్లాసులు కిందికి దిగాయి.

“ఇంత కష్టపడి చేశావు, తీసుకెళ్లి నూనె పోసుకోమను ఈసారైనా!” అని అరిచాడు లేత్ ఆయన. టీ కొట్టులో ఇద్దరు ముసలివాళ్లు నవ్వారు. ఎక్స్‌రే గేరు వేసి కదిలాడు.

సాయంత్రం ఎండ ఇంకా మెట్ల మీద ఉంది. అక్కా, పక్కింటాయనా పట్టి బావని కుర్చీతో సహా కిందికి దింపారు. ఎక్స్‌రే బండిని ఆయనకి నాలుగడుగుల దూరంలో నిలిపి, ఇంజను ఆపకుండా దిగి, పక్కన నిలబడ్డాడు. బావ కళ్లు మూసుకుని విన్నాడు. కుర్చీ చేతి మీద ఆయన వేలు ఇంజనుతో పాటు కొట్టుకుంటోంది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చాలాసేపటికి బావ కళ్లు తెరిచాడు.

“అడుగు,” అన్నాడు అక్కతో. “ఏం కనిపించిందట?”

ఇంజను మోతలో మాట తప్పించుకోవచ్చు. వినపడలేదనొచ్చు. ఎక్స్‌రే చెయ్యి జేబు దాకా వెళ్లింది. పక్కింటాయన ఉన్నాడు. మెట్ల మీద ఎవరో పిల్లలున్నారు. ముప్పైఒక్క ఏళ్ల కిందట కూడా ఇలాగే, అందరూ చూస్తున్నప్పుడే, నోరు దానంతటది తెరుచుకుంది.

“పాత బండి కదక్కా,” అన్నాడు. “అరిగిపోయింది. అంతే.”

బావ ఆయన మొహంలోకి చూశాడు. ముప్పైఒక్క ఏళ్లలో నేరుగా చూడడం అదే మొదటిసారి. కోపం లేదు. ఏదో చీటీ కోసం ఎదురుచూసి, అందులో ఏమీ రాయలేదని తెలుసుకున్నవాడి చూపు.

“ఆపమను,” అన్నాడు. “లోపలికి తీసుకెళ్లండి నన్ను.”

ఎక్స్‌రే ఇంజను ఆపాడు. బండిని మెట్ల పక్కనే వదిలి నడుచుకుంటూ షెడ్డుకి వచ్చాడు. దారిలో రెండుచోట్ల కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున షెడ్డు తలుపు తియ్యలేదు. మొహం కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని, కవరు ఆ జేబులోకి మార్చుకుని, అక్క ఇంటికి వెళ్లాడు. పద్దెనిమిది మెట్లు. తొమ్మిదో మెట్టు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. గదిలో సామాన్లు సగం మూటల్లో ఉన్నాయి. బావ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. అక్క ఏదో అనబోయింది. ఎక్స్‌రే ఆమెని దాటుకుని నేరుగా కిటికీ దగ్గరికి వెళ్లి పరదా తీశాడు. ఎండ గదిలో పడింది. కాగితం తీసి, బావ కళ్లకీ ఎండకీ మధ్యన ఎత్తి పట్టుకున్నాడు.

“బావా,” అన్నాడు. “లెక్కపెట్టు.”

బావ కళ్లజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. “నాలుగు,” అన్నాడు.

“అయిదు ఉండాలి.”

బావ చెయ్యి చాపి కాగితం తీసుకున్నాడు. కేలెండరు తేదీల మీద వేలు పోనిచ్చాడు. ఉబ్బిన గుర్తు దగ్గర ఆగాడు. దాన్ని గోటితో తడిమాడు.

“నూనె ఇక్కడిదాకా వచ్చిందన్నమాట.”

“వచ్చింది బావా. నేను దారి మూసేశాను. ఆ సాయంత్రం కరెంటు లేదు. వెలగని బల్బుకెత్తి చూశాను.”

“నిన్న ఎందుకు చెప్పలేదు?”

“మనుషులున్నారు.”

“అప్పుడూ ఉన్నారు,” అన్నాడు బావ.

అక్క ఒక మూట మీద కూర్చుంది. ఏడవలేదు. చాలా దూరం నడిచి వచ్చి కూర్చున్నదానిలా కూర్చుంది. బావ కాగితాన్ని తిరిగి ఎక్స్‌రే చేతిలో పెట్టాడు.

“నాకెందుకు చెబుతున్నావిది? పోశానని నాకు తెలుసు. తెలియనిది వాళ్లకి. వెళ్లి అక్కడ చెప్పు.”

“టీ తాగి వెళతాడు లెండి,” అంది అక్క.

“అక్కడ తాగుతాడు,” అన్నాడు బావ. కిటికీ వైపు తిరగలేదు.

టీ కొట్టులో బెంచీలు నిండి ఉన్నాయి. బండి పట్టేసిన రోజు నవ్వినవాళ్లలో మిగిలింది ముగ్గురు. లేత్ ఆయనా, ఆ ఇద్దరు ముసలివాళ్లూ. కొట్టు ముసలాయన పోయి పన్నెండేళ్లయింది, ఇప్పుడు అల్లుడు నడుపుతున్నాడు. తక్కినవాళ్లు వయసులో ఉన్నవాళ్లు, పనికి వెళుతూ ఆగినవాళ్లు. ఎక్స్‌రే కొట్టు ముందు నిలబడ్డాడు.

“మా బావ నూనె పోశాడు,” అన్నాడు గట్టిగా.

లేత్ ఆయన నవ్వాడు. కొత్త హాస్యమనుకున్నాడు.

“ఎవరండీ మీ బావ?” అన్నాడు కొట్టు అల్లుడు, గ్లాసు కడుగుతూ.

ఎక్స్‌రే అతని వంక చూశాడు. తెలియనివాళ్లకి తెలియాలంటే మొదటినుంచీ చెప్పాలి. కాళ్లు లాగుతున్నాయి. బెంచీ చివర చోటిస్తే కూర్చుని మొదలుపెట్టాడు. బండి సంగతి, ఇంటర్వ్యూ సంగతి, తెల్ల చొక్కా సంగతి. తను అందరిముందూ అడిగిన ప్రశ్న. ఆ సాయంత్రం ఇదే కొట్టులో అన్న మాట. “నూనె పోయకుండా ఆఫీసరైపోదామనుకున్నాడు” అనే చోట వాళ్లు నవ్వారు. ముప్పైఒక్క ఏళ్ల కిందట నవ్వినంత బాగానే నవ్వారు. ఒకడికి పొలమారింది కూడా.

ఆ నవ్వు పూర్తిగా ఆగేదాకా ఆయన ఆగాడు. అప్పుడు కవరులోంచి కాగితం తీసి, రెండు వేళ్లతో అంచు పట్టుకుని, ఎండకెత్తాడు. ఈసారి కన్ను మూయలేదు, తల వంచలేదు. కాగితాన్ని వాళ్ల వైపు తిప్పాడు.

“లెక్కపెట్టండి,” అన్నాడు.